నవ్వులు ఊరికే రావు

హున్సా పిడిగుద్దులు, పన్నెండు ఓటు మిషన్లు, పసుపు రంగు బోర్డులు... ఫోన్లలో పొట్ట చెక్కలయ్యేలా నవ్వించిన ఇందూరు ముచ్చట్ల వెనక అసలు కథ

హోలీ మర్నాడు పొద్దున వాట్సాప్ తెరిస్తే ఆ వీడియో వచ్చి కూర్చుంటుంది. నిడివి అర నిమిషం. చొక్కాలు చిరిగిన మగవాళ్లు రెండు వరుసలుగా నిలబడి ఒకరినొకరు ఎడాపెడా గుద్దుకుంటుంటారు. చుట్టూ ఈలలు, కేకలు, మేడల మీద జనం. ‘ఇదేం పండగరా నాయనా’ అని ఒకరు రాస్తారు. ‘మా ఆఫీసులో కూడా పెడితే బాగుండు’ అని ఇంకొకరు. దాని కింద కళ్లనీళ్లొచ్చేలా నవ్వే బొమ్మలు వరసకడతాయి. మధ్యాహ్నానికి అది మీమ్ అవుతుంది. ఒక వరుస మీద ‘జీతం’ అని, ఎదుటి వరుస మీద ‘ఈఎంఐలు’ అని రాసి పంపిస్తారు.

ఆ ఊరు హున్సా. నిజామాబాద్ జిల్లాలో బోధన్ దాటాక, మహారాష్ట్ర సరిహద్దుకు దగ్గరగా ఉంటుంది. మొన్నటిదాకా బోధన్ మండలం, ఇప్పుడు సాలూర మండలం. ఆట పేరు పిడిగుద్దులాట. నూరేళ్లకు పైగా ఆడుతున్నామని ఊరివాళ్లు చెబుతారు.

ఆ అర నిమిషంలో కనిపించనిది చాలా ఉంది. మధ్యాహ్నం కుస్తీ పోటీలు జరుగుతాయి. వాటికి సరిహద్దు అవతలి నుంచి కూడా పహిల్వాన్లు వస్తారు. పొద్దువాలే వేళకు ఊరి నడుమ అడ్డంగా ఒక మోకు కడతారు. ఇటు ఒక జట్టు, అటు ఒక జట్టు. ఒక చేత్తో మోకు పట్టుకోవాలి, రెండో చేత్తోనే గుద్దాలి. పది పదిహేను నిమిషాలకు పెద్దలు ఆపమంటారు, ఆగిపోతుంది. పగిలిన పెదాలకూ కమిలిన మొహాలకూ కాముని దహనం బూడిద రాసుకుంటారు. ఆ తర్వాత, అంతసేపూ ఎవరిని గుద్దారో వాళ్లతోనే అలయ్‌బలయ్ తీసుకుంటారు. ఆట ఆపితే ఊరికి అరిష్టమని ఒక నమ్మకం. పోలీసులు ఏటా వద్దంటారు. 2025 హోలీకి కూడా అనుమతి లేదన్నారు, ఆట మాత్రం ఆగలేదు.

మోకు, బూడిద, కౌగిలింత తీసేస్తే మిగిలేది కొట్లాటే. ఫోన్లలో తిరిగేది ఆ మిగిలిన ముక్క. చూసి నవ్వినవాళ్లను తప్పుపట్టలేం, వాళ్లకు అందింది అంతే మరి. దెబ్బలు తగిలే ఆట కాబట్టి పోలీసుల ఆందోళనలోనూ అర్థముంది. కానీ ఆ ఊళ్లో ఏడాది పొడవునా గట్టు తగాదాలు, నీళ్ల తగాదాలు, ఎన్నికల పంతాలు అన్ని ఊళ్లలోలాగే ఉంటాయి. వాటితోనే మనుషులు ఆ మోకుకు చెరోవైపు నిలబడతారు. చివర్లో ఒకరి భుజం మీద ఒకరు చేయి వేసుకుని ఇంటిదారి పడతారు. ఈ రెండో సగం చూస్తే నవ్వేమీ తగ్గదు. ఆ నవ్వులో కాస్త ఇష్టం కలుస్తుంది.

ఇందూరు, అంటే నిజామాబాద్ జిల్లా నుంచి దేశం మొత్తానికి వెళ్లిన వింతలన్నింటికీ ఇలాంటి రెండో సగం ఒకటి ఉంది. అన్నింటికంటే పెద్దది 2019 నాటిది.

ఆ ఏడాది ఏప్రిల్ 11న లోక్‌సభ ఎన్నికలు. నిజామాబాద్ బరిలో 185 మంది నిలబడ్డారు. అందులో 178 మంది రైతులు, ఎక్కువమంది పసుపు, ఎర్రజొన్న పండించేవాళ్లు. అంతకుముందు ఫిబ్రవరిలో ఆర్మూరు దగ్గర జాతీయ రహదారి మీద బైఠాయించారు. పసుపు క్వింటాలుకు 15 వేలు, ఎర్రజొన్నకు 3,500 మద్దతు ధర ఇవ్వాలని, పసుపు బోర్డు పెట్టాలని అడిగారు. ఎవరూ వినలేదు. దాంతో నామినేషన్లు వేశారు. ఊరూరా డబ్బులు పోగేసుకుని మరీ వేశారు.

వార్త బయటికి రాగానే దేశమంతా జోకులే. ‘ఓటర్ల కంటే అభ్యర్థులే ఎక్కువ’, ‘ఓటు వేయాలంటే టిఫిన్ కట్టుకుని పోవాలె’. మరి పోలింగ్ గదిలో నిజంగా ఏం జరిగింది?

అంతకుముందు వాడిన మిషన్లకు నాలుగు బ్యాలెట్ యూనిట్లు మించి తగిలించే వీలు లేదు. అంటే 64 పేర్లు దాటితే కాగితం బ్యాలెటే దిక్కు. నిజామాబాద్‌లోనూ మొదట ఆ మాటే వినిపించింది. చివరికి ఎన్నికల సంఘం ఎం3 రకం కొత్త మిషన్లు తెప్పించింది. ప్రతి పోలింగ్ కేంద్రంలో పన్నెండు బ్యాలెట్ యూనిట్లను బల్లల మీద ‘ఎల్’ ఆకారంలో పేర్చారు. ఒక్కో యూనిట్‌కు 16 మీటలు. 185 మందికి నోటా కలిపితే 186, చివరి యూనిట్‌లో ఆరు మీటలు ఖాళీ. మామూలుగా తెలంగాణలో ఏడింటికి మొదలయ్యే పోలింగ్‌ను ఇక్కడ ఎనిమిదింటికి మార్చారు. ఒకే నియోజకవర్గంలో ఇన్ని యూనిట్లు వాడటం ఎక్కడా లేదని, గిన్నిస్‌కు రాస్తామని అధికారులు ప్రకటించారు.

గుర్తింపు పొందిన పార్టీల పేర్లు మొదటి యూనిట్‌లోనే వస్తాయి. ఎన్నికల నిబంధన అది. కాబట్టి పెద్ద పార్టీకి ఓటేసేవాళ్లు గుమ్మం దగ్గరే మీట నొక్కి బయటికి రావచ్చు. తమ ఊరి రైతుకు వేద్దామనుకున్న ముసలమ్మ మాత్రం బల్లల వెంట నడవాలి. ఒక్కో మిషన్ మీదికి వంగి, స్టాంపు సైజు ఫొటోల్లో తలపాగాలు, మీసాలు పోల్చుకుంటూ తన మనిషిని వెతుక్కోవాలి. ఓటరు అలా వెతికి పట్టుకుని నొక్కిన ఓట్లు అన్నీ కలిపి 90 వేలు దాటాయి. సిటింగ్ ఎంపీ, అప్పటి ముఖ్యమంత్రి కూతురు కల్వకుంట్ల కవితపై భారతీయ జనతా పార్టీ అభ్యర్థి ధర్మపురి అర్వింద్ గెలిచింది 70,875 ఓట్ల తేడాతో. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే టిఫిన్ డబ్బా జోకు వేసినవాళ్లకు కూడా సంగతి అర్థమవుతుంది. 178 మందిలో ఒక్కరికీ డిపాజిట్ దక్కలేదు. జనరల్ అభ్యర్థి డిపాజిట్ 25 వేలు. పసుపు రైతుకు అది చిన్న మొత్తం కాదు. తెలిసి తెలిసి పోగొట్టుకున్న డబ్బు అది.

ఈ దారి అంతకుముందు నల్లగొండ చూపించింది. 1996లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంకరపోతున్నాయని, కృష్ణా నీళ్లు ఇమ్మని అడుగుతూ వందలమంది నామినేషన్లు వేశారు. బరిలో 480 మంది మిగిలారు. ఎన్నిక వాయిదా పడింది, బ్యాలెట్ పుస్తకమంత అయింది. ఆ ఏడాదే లోక్‌సభ డిపాజిట్‌ను 500 నుంచి 10 వేలకు పెంచారు. అప్పుడు వాట్సాప్ లేదు కాబట్టి నల్లగొండ మీద మీమ్‌లు రాలేదు. ఉంటే తప్పకుండా వచ్చేవి. 2019లో ఇందూరు రైతుల్లో కొందరు సొంత జిల్లాతో ఆగలేదు, వారణాసి దాకా రైలెక్కి పోయి ప్రధాని మీద కూడా నామినేషన్లు వేసి వచ్చారు.

ఇక బోర్డు ముచ్చట. 2019 ఎన్నికలకు ముందు అర్వింద్ ఒక బాండ్ పేపర్ రాసి సంతకం పెట్టారు. గెలిచిన ఐదు రోజుల్లో పసుపు బోర్డు తెస్తాను, తేలేకపోతే రాజీనామా చేస్తాను అన్నది దాని సారాంశం. రోజులు గడిచాయి, ఏళ్లు గడిచాయి. మధ్యలో సుగంధ ద్రవ్యాల బోర్డు ప్రాంతీయ కార్యాలయం ఒకటి వచ్చింది. మేమడిగింది ఇది కాదన్నారు రైతులు. ఈలోగా బాండ్ పేపర్ ఫొటో లక్షల ఫోన్లలో తిరిగింది.

2023 మార్చి ఆఖర్లో ఒక పొద్దున నిజామాబాద్ జనం లేచేసరికి కూడళ్లలో పసుపు రంగు వేసిన బోర్డులు వెలిశాయి. మీద పెద్ద అక్షరాలతో ‘పసుపు బోర్డు’. కింద, ఇదిగో మా ఎంపీ గారు తెచ్చిన పసుపు బోర్డు అని ఒక వాక్యం. బొమ్మ లేదు, తిట్టు లేదు. రోడ్డు మీద పోయేవాళ్లు బండ్లు ఆపి ఫొటోలు దిగారు. టీవీ ఛానళ్లు వచ్చాయి, దేశం నవ్వింది. పార్టీలవాళ్లు ఆ ఫొటోలను ఎవరికి కావలసినట్టు వాళ్లు వాడుకున్నారు. అది వేరే కథ.

మీమ్‌లు ఫోన్లో పుట్టి ఫోన్లోనే పోతాయంటారు. ఇందూరు మీమ్ మాత్రం రేకు మీద, రంగుతో, కర్రలు పాతి నిలబెట్టిన మీమ్. ముందు నడిరోడ్డు మీదికి వచ్చి ఆ తర్వాత ఫోన్లోకి ఎక్కింది. దానికి వివరణ అక్కర్లేదు. తొమ్మిది నెలలు చేలో ఉండే పంట పండించి, ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టి, యార్డుకు తెచ్చి, అక్కడ చెప్పిన ధరకు అమ్ముకుని పోయే మనిషికి కోపం రాకుండా ఎలా ఉంటుంది? ఆ కోపాన్ని నాలుగు మాటల్లో నవ్వుగా మలిచినవాళ్లు ఎవరో కానీ, అంత పదునైన వ్యంగ్యం పట్నం ఏజెన్సీలు లక్షలు తీసుకుని కూడా రాయలేవు.

ఇలాంటి మాటలు చుట్టుపక్కల ఊళ్లకు పాకడానికి డిచ్‌పల్లి ఒక మంచి కూడలి. హైదరాబాద్ నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద వచ్చేవాళ్లు నిజామాబాద్‌కు తిరిగేది ఇక్కడే. రైల్వే స్టేషన్ ఉంది. 2006లో వచ్చిన తెలంగాణ విశ్వవిద్యాలయం ఉంది. గుట్ట మీద నల్లరాతి ఖిల్లా రామాలయం ఉంది. దాని శిల్పాలు చూసి ఇందూరు ఖజురహో అని పిలుస్తారు. లారీ డ్రైవర్లు, పోటీ పరీక్షలకు చదివే పిల్లలు, మార్కెట్‌కు పోయే రైతులు, సెలవు మీద గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు ఇదే రోడ్డు మీద చాయ్ తాగుతారు. పొద్దున ఇక్కడ చాయ్ దగ్గర అన్న మాట రాత్రికి దుబాయ్‌లోని లేబర్ క్యాంపులో స్టేటస్ అవుతుంది. జిల్లాలో ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్న ఊళ్లున్నాయి. వాళ్లకు ఊరి జోకు అంటే ఊరి ముచ్చటే. ఎవరి చేలో బోరు పడింది, ఎవరి పెండ్లిలో మటన్ తక్కువైంది, వానకు ఏ వాగు పొంగింది అన్నీ ఆ నవ్వుల్లోనే చేరుతాయి.

బోధన్ వైపు మాత్రం ఈ నవ్వు వెనక బరువెక్కువ. 1937లో మొదలైన నిజాం చక్కెర ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. దాని చుట్టూ శక్కర్‌నగర్ వెలిసింది. 2002లో ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో మూతపడింది. ఆ తర్వాత ప్రతి ఎన్నికలో తెరిపిస్తామన్న మాట వింటూనే ఉన్నారు. చెరకు పోయింది, చేలల్లో వరి వచ్చింది. తీపి కబురు అనే మాట వార్తల్లో కనిపిస్తే బోధన్‌లో నవ్వే నవ్వు వేరు. ఆ నవ్వు బయటివాళ్లకు అర్థం కావాలంటే ముందు ఈ లెక్క తెలియాలి.

అన్నీ బరువైనవే కావు. ఆర్మూరు పక్కన అంకాపూర్ ఉంది. విత్తనాల ఊరిగా పేరున్న పల్లె. ముందుగా ఫోన్ చేసి చెబితే నాటుకోడి కోసి, వండి, అన్నంతో సహా సిద్ధం చేస్తారు. ఫుడ్ యాప్‌లు పుట్టకముందే ఈ ఊరు ఈ పని మొదలుపెట్టింది. ఇప్పుడు యూట్యూబ్‌లో తిండి వీడియోలు చేసేవాళ్లు వరసగా వచ్చి, మొదటి ముద్దకే కళ్లు మూసుకుని తలూపుతున్నారు. కూర కారం చూశాక ఆ తలూపుడు నిజమే అనిపిస్తుంది.

మాట దగ్గరికి వద్దాం. సినిమాల్లో ఏళ్ల తరబడి తెలంగాణ యాస రౌడీకో, హాస్యగాడికో రాసిపెట్టినట్టు ఉండేది. హీరో ఆ మాట మాట్లాడితే అదొక వేషం. ఇది మెల్లగా మారింది. టీవీలో వీ6 తీన్మార్ వార్తలు వచ్చాయి, బిత్తిరి సత్తి వచ్చాడు. 2017లో శేఖర్ కమ్ముల ‘ఫిదా’ తీసి బాన్సువాడ పిల్ల భానుమతిని కథానాయికను చేశాడు. బాన్సువాడ పాత నిజామాబాద్ జిల్లాలోని ఊరే, ఇప్పుడు కామారెడ్డిలో ఉంది. ఆ ఏడాది రెండు రాష్ట్రాల్లోనూ ఆడపిల్లలు భానుమతి మాటలు స్టేటస్‌లుగా పెట్టుకున్నారు. గుంటూరులో, విజయవాడలో ఇందూరు యాసను ముద్దుగా పలకడం అప్పుడే వినిపించింది.

పక్కనే జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో ఇంకో సంగతి అంతకుముందే మొదలైంది. శ్రీరాం శ్రీకాంత్ అనే యువకుడు 2012లో ‘మై విలేజ్ షో’ పేరుతో ఊరి వీడియోలు తీయసాగాడు. సెట్టు లేదు. ఊరి ఇండ్లు, ఊరి పొలం, ఊరి మనుషులే సరుకు. అందులో మిల్కూరి గంగవ్వ వచ్చి నిలబడింది. అక్షరం రాని కూలి మనిషి. రాసిచ్చిన మాట గుర్తు పెట్టుకుని, దాన్ని తన నోటికి తగ్గట్టు తిప్పుకుని అనేసరికి ఊరంతా కాదు, లోకమంతా నవ్వింది. 2020లో ఆమె ‘బిగ్‌బాస్’ ఇంట్లోకి వెళ్లింది. పడక, తిండి సరిపడక ఆరోగ్యం బాగోలేక మధ్యలోనే వచ్చేసింది. సొంత ఇల్లు కట్టుకోవాలన్న కోరిక మాత్రం నాగార్జున సాయంతో తీరింది. 2024లో మళ్లీ ఆ ఇంట్లోకి వెళ్లొచ్చింది.

గంగవ్వను చూసి నవ్వేవాళ్లు, గంగవ్వతో కలిసి నవ్వేవాళ్లు ఇద్దరూ ఉన్నారు. మొదట మొదటివాళ్లే ఎక్కువ. ముసలామె సెల్ఫీ దిగడం, ఇంగ్లిష్ మాట తప్పు పలకడం వాళ్లకు తమాషా. కానీ కెమెరా వెనక ఉన్నది ఆ ఊరి పిల్లలే కాబట్టి నవ్వు ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో వాళ్లే నిర్ణయించారు. హున్సా వీడియోకు ఈ భాగ్యం దక్కలేదు. అక్కడ కెమెరా ఎవరిదో, కత్తిరింపు ఎవరిదో తెలియదు. తేడా అంతా ఇక్కడే వస్తోంది. పిడిగుద్దులాట మొత్తాన్ని, మధ్యాహ్నం కుస్తీ నుంచి రాత్రి అలయ్‌బలయ్ దాకా, హున్సా పిల్లలే తీసి పెడితే ఎంత బాగుంటుంది! అది కూడా లక్షలమంది చూస్తారు, నవ్వుతారు. ఈసారి అందరికీ మోకు కూడా కనిపిస్తుంది.

ఇందూరు నుంచి వెళ్లి మీమ్‌లకు పెద్ద సరుకైన మనిషి నిర్మాత దిల్ రాజు. అసలు పేరు వెంకట రమణారెడ్డి, ఊరు నర్సింగ్‌పల్లి. ‘ఫిదా’, ‘బలగం’ ఆయన సంస్థల నుంచి వచ్చినవే. 2022 డిసెంబరులో చెన్నైలో విజయ్ సినిమా ‘వారిసు’ పాటల వేడుక జరిగింది. స్టేజీ ఎక్కిన రాజు తమిళం, తెలుగు, ఇంగ్లిష్ కలిపి, ‘డ్యాన్స్ వేణుమా డ్యాన్స్ ఇరుక్కు, ఫైట్ వేణుమా ఫైట్ ఇరుక్కు’ అంటూ తన సినిమాలో ఏమేం ఉన్నాయో వరసగా చెప్పారు. రాత్రికి రాత్రే అది పాటైంది, రీల్ అయింది. పెళ్లి భోజనాల వీడియోలకు, హాస్టల్ మెస్ వీడియోలకు అదే మాట. ‘పప్పు వేణుమా పప్పు ఇరుక్కు’. రాని భాషలో ఎదుటివాళ్లతో మాట్లాడాలని ఒక మనిషి పడిన ఆరాటం అందులో ఉంది. అందుకే ఆ నవ్వులో విషం లేదు. తమిళులు కూడా హాయిగా నవ్వుకున్నారు.

రెండోసారి అలా జరగలేదు. 2025 జనవరి 6న ‘సంక్రాంతికి వస్తున్నాం’ ట్రైలర్ వేడుక నిజామాబాద్‌లో పెట్టారు. సొంత జిల్లా, సొంత జనం. ఆంధ్రలో సినిమా అంటే ఒక వైబ్ ఉంటుందని, మన దగ్గర కల్లు, మటన్ అంటేనే ఆ వైబ్ అని రాజు సరదాగా అన్నారు. ఈసారి ఆ ముక్క ఒక్కటే కత్తిరించి తిప్పారు. తెలంగాణను చిన్నచూపు చూశారని విమర్శలు, ట్రోల్స్, పాత వీడియోలు తవ్వి తీయడాలు. 11వ తేదీన ఆయన వీడియో పెట్టి, తన ఉద్దేశం అది కాదని, ఎవరికైనా బాధ కలిగితే క్షమించమని కోరారు. ఇంటి మనిషి ఇంటి మీద వేసిన జోకును ఇంట్లోవాళ్లు ఎలా తీసుకుంటారన్నది చెప్పడం కష్టం. కల్లు దావత్‌కు, మటన్ దావత్‌కు ఇందూరులో ఉన్న గౌరవం తెలిసినవాళ్లు ఆ మాటను మెచ్చుకోలు అనుకుంటారు. బయటినుంచి వినేవాళ్లకు అది వెక్కిరింపులా వినిపిస్తుంది. ఎన్నో ఏళ్లు యాసను ఎగతాళిగా వాడిన పరిశ్రమ వేదిక మీద ఆ మాట వచ్చింది కాబట్టి రెండో అర్థమే ముందు చెవిన పడింది. ఆ నొప్పి నిజమైనదే.

సరిగ్గా మూడు రోజులకు, జనవరి 14న, సంక్రాంతి నాడు ఆ సినిమా విడుదలై కాసుల వర్షం కురిపించింది. అదే రోజు జాతీయ పసుపు బోర్డును ప్రారంభించారు. కేంద్ర కార్యాలయం నిజామాబాద్‌లోనే. ప్రధాని 2023 అక్టోబరు 1న మహబూబ్‌నగర్‌లో ప్రకటించిన బోర్డు అది. జూన్ 29న కేంద్ర హోంమంత్రి అమిత్ షా వచ్చి ఇందూరులో కార్యాలయం తెరిచారు. ఆ సంక్రాంతికి జిల్లా ఫోన్లలో సినిమా స్టేటస్‌లు, కల్లు జోకులు, బోర్డు శుభాకాంక్షలు కలగలిసి తిరిగాయి. పసుపు రంగు రేకు పక్కన ఆఫీసు బోర్డు పెట్టి ‘ఇది ఒరిజినల్’ అని పంపినవాళ్లూ ఉన్నారు.

బోర్డు వచ్చిన ఆ సీజన్‌లోనే, మార్చిలో, ధర పడిపోయిందని పసుపు రైతులు నిజామాబాద్‌లో మళ్లీ ధర్నాకు దిగారు. కొమ్ముకు ఒక ధర, మండకు ఒక ధర, చూరకు ఒక ధర పలికే యార్డు అది. సీజన్ నడుస్తున్నన్ని రోజులూ రైతుల గ్రూపుల్లో పొద్దున్నే వచ్చే మొదటి మెసేజ్ ఆ మూడు ధరలే. జోకులన్నీ దాని కిందే మొదలవుతాయి.